పేరు లేదు, పైసా లేదు

మాటకు పదిహేను పైసలు. 800 మాటల వ్యాసం రాస్తే 120 రూపాయలు. మా అక్క బిడ్డ కోడేరులో ఇంట్లో కూర్చుని రాసిన తెలుగు వ్యాసాలకు హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ఒప్పుకున్న ధర అది. ఒప్పుకున్న ధర అంటున్నాను, ఇచ్చిన ధర అనడం లేదు. నెలల తరబడి రాయించుకుని మొదటి నెల పైసలు మాత్రం వేసి ఊరుకున్నారు. ఫోన్ చేస్తే ఎత్తరు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. గట్టిగా అడిగేసరికి ఆమెను గ్రూపులోంచే తీసేశారు.

2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కొల్లాపూర్‌లో డిగ్రీ చదివి, తప్పుల్లేకుండా తెలుగు రాసి, పొద్దంతా కూర్చుని రెండు వ్యాసాలు పూర్తిచేసిన పిల్లకు 240. మట్టి పనికి పోయేవాళ్లకు ఎక్కువిస్తున్నారని కాదు నా బాధ. ఆ 307 కూడా వాళ్లకు చాలదు, అది కూడా సకాలంలో పడదు. అయినా పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని, ఆలస్యమైతే పరిహారం కట్టాలని చట్టంలో రాసి ఉంది. మస్టర్‌లో పేరు ఉంటుంది. ఆ పేరు చూపించి ఎంపీడీఓ ఆఫీసు ముందు కూర్చుని అడగొచ్చు. ఈ పిల్ల ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలి? ఆమెకు పని చెప్పినవాడి ఇంటిపేరు కూడా ఆమెకు తెలియదు.

పని ఎట్లా మొదలవుతుందో చెప్తాను. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ప్రకటన వస్తుంది: తెలుగు కంటెంట్ రైటర్లు కావలెను, ఇంటి నుంచే పని. ముందు ఒక శాంపిల్ రాసి పంపమంటారు. దానికి డబ్బుండదు. ఒక్కొక్కరికి ఒక్కో అంశం ఇస్తారు. ఎందుకో తర్వాత అర్థమవుతుంది. మా పిల్ల పంపిన శాంపిల్‌ను ఆమెకు పని ఖాయమని చెప్పకముందే వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. నేను చూశాను. పైన ఆమె పేరు లేదు, 'అడ్మిన్' అని ఉంది.

తర్వాత ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. ఒక గడిలో కీవర్డు, పక్క గడిలో అది ఎన్నిసార్లు రావాలో లెక్క. 'రైతు భరోసా డబ్బులు ఎప్పుడు పడతాయి' అనే ముక్క శీర్షికలో ఉండాలి, మొదటి పేరాలో ఉండాలి, ఉపశీర్షికల్లో ఉండాలి, చివర మళ్లీ ఉండాలి. జనం తప్పుగా టైపు చేస్తారు కాబట్టి 'బరోసా' అని కూడా రెండుచోట్ల కావాలని తప్పు రాయాలి. చిన్నప్పటి నుంచి ఒత్తు తప్పితే టీచరు చేత దెబ్బలు తిన్న పిల్ల ఇప్పుడు పైసల కోసం ఒత్తులు ఊడబీకాలి. ఇట్లా కీవర్డులు కుక్కడాన్ని గూగులే తన నిబంధనల్లో స్పామ్ అని రాసుకుంది. ఇట్లాంటి రాతల మిల్లులను వెనక్కి నెట్టడానికి 2011 ఫిబ్రవరిలో పాండా అనే మార్పు తెచ్చింది. 2024 మార్చిలో కుప్పలుతెప్పలుగా పేజీలు పుట్టించేవాళ్ల మీద మరో నిబంధన పెట్టింది. పదమూడేళ్ల తేడాతో ఒకే జబ్బుకు రెండు మందులు. అయినా కోడేరు దాకా ఆ ఎక్సెల్ షీటు నిక్షేపంగా వచ్చి చేరుతోంది.

నాకు ఒళ్లు మండేది డబ్బు ఒక్కదాని దగ్గరే కాదు. ఆ రైతు భరోసా వ్యాసం సంగతి చెప్పాలి. ఎకరానికి ఏడాదికి 12 వేలు ఇచ్చే ఆ పథకం 2025 జనవరి 26న మొదలైంది. తర్వాతి విడత ఎప్పుడన్నది ఆ వ్యాసం రాసేనాటికి ప్రభుత్వం చెప్పలేదు. మా పిల్ల ఆ మాటే పని చెప్పే ఆయనకు మెసేజ్ పెట్టింది. తేదీ ఇంకా రాలేదు సార్, ఒక్క వాక్యంలో ఆ సంగతి చెప్తే సరిపోతుంది కదా అని. ఆయన ఇచ్చిన జవాబు నాకు చూపించింది. ఒక్క వాక్యం పెడితే ర్యాంకు రాదు, 800 మాటలు కావాలి, చదివేవాడు పేజీలో నిలబడాలి, తేదీ సంగతి కింద ఎక్కడో పెట్టు. అంతే. ఆమె 2018లో రైతుబంధు ఎకరానికి నాలుగు వేలతో ఎట్లా మొదలైందో రాసింది, పీఎం కిసాన్ ఆరు వేలు మూడు విడతల్లో ఎట్లా వస్తాయో రాసింది, ఆధార్ లింకు, ఈకేవైసీ అన్నీ రాసింది. చివరన తేదీ ఇంకా ప్రకటించలేదని నిజాయితీగా రాసింది. పేజీ ఎక్కాక చూస్తే ఆ వాక్యం లేదు. దాని స్థానంలో ఒక తేదీ ఉంది. ఎవరు పెట్టారో తెలియదు.

ఆ తేదీ చూసి బ్యాంకుకు పోయిన రైతులు నాకు తెలుసు. అప్పిచ్చినవాడికి ఆ తేదీకే వాయిదా చెప్పిన మనిషి తెలుసు. ఫోన్‌లో పడ్డది, తెలుగులో ఉంది, పైన జాతీయ జెండా బొమ్మ, పక్కన ముఖ్యమంత్రి ఫొటో ఉన్నాయి. నమ్మక ఏం చేస్తారు? ఎరువుల దుకాణం ముందు లైన్‌లో నిలబడ్డ మనిషి దాన్ని పక్కవాడికి చూపిస్తాడు, పక్కవాడు ఇంటికి పోయి భార్యకు చెప్తాడు. ఇంతమంది ఆశ పెట్టుకున్న ఆ తేదీని వేసినవాడు దాన్ని ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. వాడికి కావలసింది ఆ పేజీ మీద పడిన క్లిక్కు, దాని పక్కన మెరిసే ప్రకటన. రాసిన పిల్ల ఏమైతే వాడికేం, చదివిన రైతు ఏమైతే వాడికేం. అసలు వాడు ఆ వ్యాసాన్ని చదవనే లేదు. సెర్చ్ ఇంజన్ చదివితే చాలు. మనిషి రాయాలి, యంత్రం చదవాలి, మనిషి మోసపోవాలి. ఇదీ వాళ్ల వ్యాపారం.

ఇంత ధైర్యం వాళ్లకు ఎక్కడిదంటే, సర్కారు ఖాళీగా వదిలేసిన జాగాలోంచి వచ్చింది. రైతుకు కావలసిన సమాచారం తెలుగులో, ఒక్కచోట, తేదీలతో సహా ప్రభుత్వమే పెడితే ఈ చెత్త పేజీలను ఎవరు వెతుకుతారు? మన పాలన ఎట్లా ఉందంటే, 2024 జులైలో రుణమాఫీ మార్గదర్శకాలను తెలుగులో ఇస్తే అదే ఒక పెద్ద వార్త అయింది. తెలుగు అధికార భాష అయిన రాష్ట్రంలో తెలుగు ఉత్తర్వు వార్త! 2018లో గూగుల్ ప్రకటనల వ్యవస్థ తెలుగు సైట్లకు తలుపు తెరిచింది. తెలుగు పేజీ మీద డబ్బు వస్తుందని వ్యాపారులకు వెంటనే అర్థమైంది. తెలుగు పేజీ మీద బతుకు ఆధారపడి ఉంటుందని ప్రభుత్వాలకు మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

మా పాలమూరువాళ్లకు గుంపు మేస్త్రీ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. ఊళ్లోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, మనుషుల్ని జమచేసి, లారీ ఎక్కించి, ఎక్కడి ప్రాజెక్టు దగ్గరికో తీసుకుపోయేవాడు. పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆ దుర్మార్గం మీద కొట్లాడి కొట్లాడి 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం సాధించుకున్నారు. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, కూలి చేతిలో ఫొటో అతికించిన పాసుబుక్కు ఉండాలి అని కాగితం మీదైనా వచ్చింది. ఈ రాతల వ్యాపారంలోనూ ఆ మేస్త్రీ వరసే ఉంది. పైన క్లయింటు, వాడి కింద ఏజెన్సీ, దాని కింద టీమ్ లీడ్, వాడి కింద మళ్లీ ఇంకొకడికి పని ఇచ్చే మరొకడు, అందరికంటే అడుగున ఫోన్ పట్టుకుని కోడేరులో పిల్ల. పైన రూపాయి అయినది కిందికొచ్చేసరికి పదిహేను పైసలవుతుంది. గుంపు మేస్త్రీని నేను మంచివాడని అనను, ఎన్నడూ అనను. కానీ వాడు అడ్వాన్సు ఇచ్చేవాడు. వాడి ఊరు తెలిసేది, ఇల్లు తెలిసేది, పది మంది పోయి వాకిట్లో నిలబడితే బయటికి రాక తప్పేది కాదు. వీడికి వాకిలే లేదు.

ఇంకో దోపిడీ ఉంది, అది పన్ను పేరుతో జరుగుతుంది. మొదటి నెల వేసిన పైసల్లో పదిశాతం టీడీఎస్ అని కోశారు. ఏడాదికి ఇచ్చేది ఒక పరిమితి దాటితేనే అట్లా కోయాలి. ఆ పరిమితి 30 వేలుండేది, 2025 ఏప్రిల్ నుంచి 50 వేలు. ఈ పిల్లకొచ్చింది అందులో పదోవంతు కూడా లేదు. పోనీ, కోసినది సర్కారుకు కట్టారా అంటే ఆమె పాన్ మీద పన్ను లెక్క చూపే 26ఏఎస్ పత్రంలో ఒక్క రూపాయి చూపించడం లేదు. పేద పిల్ల కూలిలోంచి దేశం పేరు చెప్పి కోసుకుని జేబులో వేసుకున్నారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక వీళ్లకు కొత్త కొరడా దొరికింది. యంత్రం రాసినదాన్ని సరిదిద్ది పంపు, సగం రేటిస్తాం అన్నారు. ఆమె సొంతంగా రాసి పంపితేనేమో ఏఐ డిటెక్టర్‌లో వేసి, ఇది యంత్రం రాసిందని తేలింది, డబ్బు లేదు పొమ్మన్నారు. ఆ డిటెక్టర్ల విలువ ఎంతో తెలుసా? చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని 2023 జులైలో తనే మూసేసుకుంది. తయారుచేసినవాడే నమ్మని పనిముట్టు చేతిలో పట్టుకుని, ఇంట్లో కరెంటు పోతే ఫోన్ వెలుగులో రాసిన పిల్లను దొంగ అన్నారు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. "మామా, నేను రాయలేదంటున్నరు" అని ఒక్క మాటే అన్నది. పైసలు పోయినప్పుడు కూడా ఆమె కళ్లల్లో నీళ్లు చూడలేదు నేను.

ఈ నేల సంగతి వాళ్లకు తెలియదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కవులకు వార్షికాలిచ్చిన చోటిది. గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. మా కొల్లాపూరు పక్క జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు తానే చంద్రికాపరిణయం రాశాడు. ఆ రాజుల డబ్బు రైతుల పన్నులే, దాన్ని నేను పొగడబోవడం లేదు. కానీ రాసినవాడికి ఇవ్వాలి అన్న సిగ్గు ఆ కాలంలో ఉంది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి ఊరుకోలేదు. 354 మంది కవుల్ని పేరుపేరునా పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి ముఖం మీద పెట్టాడు. పేరు కోసం అంత కష్టపడ్డ మనిషి పుట్టిన ప్రాంతంలో, ఈనాడు చదువుకున్న పిల్లల పేర్లు చెరిపేసి వాటి మీద 'అడ్మిన్' అని రాస్తుంటే ఒక్క సాహిత్య సంస్థ నోరు తెరవలేదు. మేం వెళ్లి చెప్తే, అది సాహిత్యం కాదు కదా అన్నారు. సాహిత్యం కాకపోతే కూలి ఎగ్గొట్టవచ్చా?

కార్మిక శాఖలో అడిగితే, ఆమె ఉద్యోగి కాదు, మా పరిధిలోకి రాదు అన్నారు. పోలీసు స్టేషన్‌లో అడిగితే, ఇది సివిల్ తగాదా అన్నారు. ఊళ్లో పెద్దమనుషులు, ఆడపిల్ల ఇంట్లో కూర్చుని టైమ్‌పాస్‌కు రాసింది, దానికి ఇంత రచ్చ ఎందుకు అన్నారు. టైమ్‌పాస్! ఆ డబ్బుతో తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు కడదామనుకుంది ఆమె. గిగ్ కార్మికులు అనగానే మనవాళ్లకు బైకు మీద అన్నం డబ్బాలు తెచ్చే పిల్లలే గుర్తొస్తారు. వాళ్లకు రక్షణ రావాలి, తప్పకుండా రావాలి. రాసేవాళ్లకూ రావాలి. కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల చట్టం జాబితాలో కంటెంట్, మీడియా సేవలను కూడా చేర్చింది. న్యూయార్క్ నగరంలో 2017 మే నుంచి, 800 డాలర్లు, అంతకు మించిన ఏ ఫ్రీలాన్స్ పనికైనా రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలి, తేదీ రాయకపోతే పని ముగిసిన ముప్పై రోజుల్లో డబ్బు కట్టి తీరాలి. ఏడేళ్లు గడిచాక ఆ రాష్ట్రమంతటా అదే రకం చట్టం అమల్లోకి వచ్చింది. ఇక్కడ మా పిల్ల లాంటివాళ్ల గురించి ఆ మాట ఎత్తినవాళ్లు నాకు కనబడలేదు.

ఉన్న చట్టాల్ని మాత్రం వెతికి పట్టుకున్నాం. ఇట్లా రాస్తున్న పిల్లలు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం చెప్తున్నాను. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద ఆధార్‌తో ఉద్యమ్ నమోదు చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. పనికి ఒప్పుకోకముందే చేసుకోండి. అప్పుడు మీ పైసలు 45 రోజులకు మించి ఆపడానికి వీల్లేదు. ఆపితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. మా పిల్లకు ఈ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన జిల్లా పరిశ్రమల కేంద్రం ఆమెలాంటి వాళ్లున్నారని గుర్తించనే లేదు.

మరొకటి ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాని మనిషి రాసిన రాతకు మొదటి హక్కుదారు ఆ మనిషే. ఆమె కాగితం మీద రాసిచ్చి సంతకం పెడితే తప్ప ఆ హక్కు ఎవరికీ పోదు. ఆమె ఉద్యోగి కాదని కార్మిక శాఖే చెప్పింది, కంపెనీ కూడా అదే మాట మెసేజ్‌లో పెట్టింది. ఆమె దేని మీదా సంతకం పెట్టలేదు.

కాబట్టి ఆ కంపెనీ యజమానికి ఇప్పుడు చెప్తున్నాం. బాకీ మొత్తం, టీడీఎస్ పేరుతో కోసింది కూడా కలిపి, ఆమె ఖాతాలో వేయండి. ప్రతి వ్యాసం పైన 'అడ్మిన్' తీసేసి ఆమె పేరు పెట్టండి. ఆమె రాయని ఆ తేదీని పీకేసి, అది తప్పని అదే పేజీలో తెలుగులో రాయండి. ఇవి చేయకపోతే ఆమె రాసిన పేజీలన్నీ దించండి. దించకపోతే గూగుల్‌కు కాపీరైట్ ఫిర్యాదులు పోతాయి, పేజీకి ఒకటి చొప్పున. మొదటి డ్రాఫ్టు నుంచి చివరిదాకా ఫైళ్లు తేదీలతో సహా ఆమె దగ్గర ఉన్నాయి. నోటీసు స్పీడ్ పోస్టులో పంపుతున్నాం, మీ అడ్రసు కంపెనీల రిజిస్ట్రారు దగ్గర దొరికింది.