రోబోనా, లాపరోస్కోపీనా? ఊబకాయ శస్త్రచికిత్సలో తేలాల్సిన లెక్కలు

హైదరాబాద్: స్థూలకాయాన్ని తగ్గించే శస్త్రచికిత్సకు సిద్ధపడి నగరంలోని కార్పొరేట్‌ ఆసుపత్రుల మెట్లెక్కుతున్న జిల్లాల రోగులకు కౌన్సెలింగ్‌ గదిలోనే ఒక ప్రశ్న ఎదురవుతోంది. ఆపరేషన్‌ రోబోతో చేయించుకుంటారా, మామూలు పద్ధతిలోనా? రెండింటి మధ్య బిల్లులో లక్ష రూపాయలకు పైబడిన తేడా ఉండటం అసాధారణమేమీ కాదు. బంగారం కుదువపెట్టి వచ్చిన కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. అయినా ప్రాణం కంటే డబ్బు ఎక్కువా అన్న ఆలోచనతో చాలామంది ఖరీదైన దానికే తలూపుతుంటారు. ఆ ఖరీదుకు తగిన వైద్యపరమైన ఆధారం ఎంత ఉందన్నదే ఇక్కడ పరిశీలించాల్సిన విషయం.

ఉభయ రాష్ట్రాల్లోనూ సమస్య తీవ్రంగానే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. తెలంగాణలో ఇవి వరుసగా 30.1, 32.3 శాతం. దేశ సగటు మహిళల్లో 24, పురుషుల్లో 22.9 శాతమే. వీరిలో శస్త్రచికిత్స అవసరమయ్యేది కొద్దిమందికే. 2025లో టిర్జెపటైడ్‌ ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక కత్తి దాకా వెళ్లకుండానే ప్రయత్నించే మార్గం కూడా కొందరికి దొరికింది.

ఏది సంప్రదాయం?

గందరగోళమంతా ఈ మాటతోనే మొదలవుతోంది. ‘పెద్ద కోత ఉండదు, నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి వెళ్లవచ్చు’ అని రోబో గురించి ప్రచారం సాగుతోంది. ఇవన్నీ నిజమే. అయితే పొట్టను నిలువునా కోసే పాత పద్ధతితో పోల్చినప్పుడే ఇవి నిజం. ఊబకాయ శస్త్రచికిత్సల్లో ఆ పద్ధతి దాదాపుగా కనుమరుగైంది. 1990వ దశకం నుంచి విస్తరించిన లాపరోస్కోపీయే నేడు మామూలు పద్ధతి. అందులోనూ నాలుగైదు చిన్న రంధ్రాలే ఉంటాయి. రెండు మూడు రోజుల్లోనే రోగి ఇంటికి వెళతాడు. కాబట్టి రోబోను పోల్చాల్సింది లాపరోస్కోపీతో. ఆ పోలికను ప్రచార పత్రాలు ఎందుకో దాటవేస్తుంటాయి!

లోపల జరిగే పని రెండింటిలోనూ ఒకటే. స్లీవ్‌ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసివేస్తారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా మలచి చిన్నపేగుకు కలుపుతారు. రోబో అన్న మాట విని యంత్రమే ఆపరేషన్‌ చేస్తుందని భ్రమపడేవారున్నారు. నిజానికి సర్జన్‌ కొద్ది దూరంలోని కన్సోల్‌ వద్ద కూర్చుని, తన చేతి కదలికలతో యంత్రపు చేతులను నడిపిస్తారు. దృశ్యం త్రిమితీయంగా కనిపిస్తుంది. చేతి వణుకు పరికరానికి చేరదు. పరికరం కొస మణికట్టులా తిరుగుతుంది. నిర్ణయాలన్నీ మనిషివే.

ఫలితాల్లో తేడా ఎంత?

తొలిసారి చేసే స్లీవ్, బైపాస్‌లలో బరువు తగ్గుదల రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానమే. రోబోతో సాధారణంగా ఎక్కువ సమయం పడుతుంది. రక్తస్రావం, కుట్ల వద్ద లీకేజీ వంటి చిక్కుల విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. యంత్రం ఉన్నంత మాత్రాన భద్రత పెరుగుతుందనుకోలేమనడానికి మరో అవయవం నుంచి ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలో మెడికేర్‌ పరిధిలో 2010–2019 మధ్య పిత్తాశయం తొలగించుకున్న పది లక్షల మందికి పైగా రోగుల రికార్డులను పరిశీలించి 2023లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పైత్యరస నాళం దెబ్బతిని మరమ్మతు అవసరమైనవారు లాపరోస్కోపీలో 0.2 శాతం కాగా, రోబోతో 0.7 శాతమని అందులో తేలింది.

అలాగని రోబో వృథా అనడం అన్యాయం. శరీర ద్రవ్యరాశి సూచిక 50 దాటినవారిలో పొట్ట గోడ మందంగా ఉండి లాపరోస్కోపీ పరికరాలను బిగపడుతుంది. సర్జన్‌ మణికట్టు, భుజం అలసిపోతాయి. గతంలో ఒకసారి ఆపరేషన్‌ అయి, విఫలమై, లోపల అతుకులు ఏర్పడినవారికి రెండోసారి చేయాల్సి వచ్చినప్పుడూ సున్నితమైన కుట్లకు రోబో వెసులుబాటునిస్తుంది. ఇటువంటి రోగికి అదనపు ఖర్చు సమంజసం కావచ్చు. సూచిక 40 వద్ద ఉండి తొలిసారి స్లీవ్‌ చేయించుకునే రోగికి ఆ వాదన అంత బలంగా వర్తించదు.

మరి అందరికీ ఎందుకు సూచిస్తున్నారు? యంత్రం ధర పది కోట్ల రూపాయలకు పైమాటే. ఏటా నిర్వహణ ఒప్పందానికి వేరే చెల్లింపు. పరికరాలను నిర్ణీత సంఖ్యలో వాడాక పక్కన పడేయాల్సిందే. ఆ పెట్టుబడి తిరిగి రావాలంటే యంత్రం ఖాళీగా ఉండకూడదు. దేశీయంగా తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర వంటివి తక్కువ ధరకు వస్తున్నాయి. ఆ తగ్గింపు రోగి బిల్లు దాకా దిగివస్తుందా అన్నది వేచి చూడాల్సిందే.

బీమా మెలిక

బీమా నియంత్రణ సంస్థ 2019 నాటి మార్గదర్శకాలు రోబో చికిత్సలను బీమా పరిధిలోకి తెచ్చాయి. అదే సమయంలో వాటిపై ఉప పరిమితి విధించే వెసులుబాటును కంపెనీలకిచ్చాయి. ఉదాహరణకు ప్రామాణిక పాలసీ అయిన ఆరోగ్య సంజీవనిలో రోబో శస్త్రచికిత్సకు బీమా మొత్తంలో సగం వరకే చెల్లిస్తారు. అంటే ఐదు లక్షల పాలసీ ఉన్నా దక్కేది గరిష్ఠంగా రెండున్నర లక్షలు. మామూలు లాపరోస్కోపీకి ఈ ఉప పరిమితి ఉండదు. ఎక్కువ బిల్లు వచ్చే పద్ధతికే తక్కువ బీమా అన్నమాట. కౌన్సెలింగ్‌ గదిలో ఈ ముక్క రోగి తనంతట తాను అడిగితే తప్ప బయటకు రాకపోవచ్చు.

అర్హతలోనూ చిక్కుంది. సూచిక 35 దాటితే ఇతర జబ్బులు లేకున్నా శస్త్రచికిత్స సూచించవచ్చని అంతర్జాతీయ వైద్య సంఘాలు 2022లో ప్రకటించాయి. ఆసియా ప్రజలకు 27.5 నుంచే పరిశీలించాలన్నాయి. మన బీమా నిబంధన మాత్రం 40, లేదా తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 వద్దనే ఉంది. 165 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి 40 అంటే సుమారు 109 కిలోలు. 100 కిలోలున్న అదే ఎత్తు మనిషికి డాక్టర్‌ ఆపరేషన్‌ రాసినా, ఆ జబ్బులు లేకుంటే కంపెనీ నిరాకరించవచ్చు. ముందస్తు అనుమతి లేఖ చేతికందాకే తేదీ ఖరారు చేసుకోవడం క్షేమం.

ఇంటికి చేరాక

జిల్లాల రోగికి అసలు పరీక్ష ఇక్కడే. ఆదిలాబాద్‌కో, శ్రీకాకుళానికో తిరిగి వెళ్లాక, ఏ పద్ధతిలో చేసినా కుట్ల వద్ద లీకేజీ రోజుల తర్వాత బయటపడవచ్చు. నాడి వేగం పెరగడం, జ్వరం, కడుపులోనో ఎడమ భుజంలోనో నొప్పి దాని సూచనలు. దీన్ని గ్యాస్‌ నొప్పిగా భావించి మాత్ర వేసుకుని కూర్చుంటే ప్రాణాపాయం. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్‌ డి జీవితాంతం వాడాలి. ఏటా రక్తపరీక్షలు తప్పవు. రోబోకు చెల్లించే అదనపు లక్ష ఈ ఖర్చులకు ఎన్నో ఏళ్లు సరిపోతుంది. సర్జన్‌ ఇటువంటివి ఎన్ని చేశారు, అందులో ఎన్నింటిలో లీకేజీ వచ్చింది, అర్ధరాత్రి ఫోన్‌ చేస్తే ఎవరు పలుకుతారు అన్న ప్రశ్నలకు దొరికే జవాబులు యంత్రం పేరు కన్నా విలువైనవి.

ఉచిత మార్గం కూడా పూర్తిగా మూసుకుపోలేదు. 240 కిలోల యువకుడికి ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు ఉచితంగా బేరియాట్రిక్‌ శస్త్రచికిత్స చేసిన సంగతి 2023 ఆరంభంలో వార్తల్లోకెక్కింది. అదే ఏడాది నిమ్స్‌లో రోబో వ్యవస్థ ప్రారంభమైంది.

మరో సంగతి స్థానిక వైద్యులకూ తెలియాలి. ఆపరేషన్‌ తర్వాతి వారాల్లో రోగికి వాంతులు ఆగకపోతే శరీరంలో విటమిన్‌ బి1 నిల్వలు అడుగంటుతాయి. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్‌ సెలైన్‌ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ముప్పుంది. అందువల్ల ఏ ఆపరేషన్‌ జరిగిందో వివరంగా రాసిన డిశ్చార్జి పత్రం, సర్జన్‌ ఫోన్‌ నంబరు రోగి వెంటే ఉండాలి. ఊళ్లో సెలైన్‌ పెట్టబోయే వైద్యుడికి ముందుగా చూపించాల్సింది వాటినే.