మన మోత సంగీతం... పక్కవాడి సంగీతం మోత!

'పుష్పక విమానం' చూశారా? 1987లో సింగీతం శ్రీనివాసరావుగారు సంభాషణ అన్నదే లేకుండా తీసిన చిత్రం. చూడనివాళ్ళుంటే ఈ ఆదివారమే చూసెయ్యండి. చూసినవాళ్ళకి ఒక సరదా ఘట్టం గుర్తుండే ఉంటుంది. నిరుద్యోగి కమల్‌హాసన్ గది సినిమాహాలు పక్కనే. రాత్రి పడుకుంటే గోడ అవతల ఫైటింగులు, కేకలు! పాపం, వాటికే అలవాటుపడిపోయాడు. తీరా పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకునే యోగం పడితే... ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు! చివరికి ఆ సినిమాహాలు మోతను టేపులో పట్టుకొచ్చి, అది వింటూ హాయిగా నిద్రపోతాడు.

నవ్వుకున్నాం, ఇంటికొచ్చేశాం. కానీ ఆ నవ్వు వెనకాల ఓ చిక్కు ప్రశ్న ఉంది. మోత అనేది ఎక్కడుంటుంది... చెవిలోనా, మనసులోనా?

ఈ ప్రశ్నే మొన్న నాకు యాప్రాల్‌లో ఎదురయింది. సికింద్రాబాద్‌కి ఉత్తరాన, మిలిటరీ స్థలాల పక్కనున్న ఊరు. ఇప్పుడు ఊరనకూడదు లెండి, ఎటు చూసినా అపార్టుమెంట్లే! అక్కడ మా పిన్ని వాళ్ళుంటారు. ఇంకా ఉత్తరానికి పోతే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. అందుచేత ఆకాశంలో శిక్షణ విమానాల సందడి అక్కడివాళ్ళకి కొత్త కాదు.

పిన్ని వాళ్ళ ఎదుటి ఫ్లాటులో ఒక పెద్దాయన ఉన్నాడు. వాయుసేనలో ఇంజన్లు బాగుచేసి రిటైరయినాయన. విమానం వెళ్తుంటే చేతిలో కాఫీగ్లాసు పక్కన పెట్టి మరీ తలెత్తి చూస్తాడు. "విన్నావా బాబూ, ఎంత శుభ్రంగా పాడుతోందో!" అంటాడు. అదే విమానానికి మా పిన్ని, "పాడయిపోను, సీరియల్లో అసలైన డైలాగు మింగేసింది!" అంటుంది. విమానం ఒకటే. మోత ఒకటే. ఒకరికి పాట, ఒకరికి పోటు!

ఇక అసలు కథ. పెద్దాయన నెత్తిమీద ఫ్లాటులో ఓ డిగ్రీ కుర్రాడు. అభిమాన హీరో పాట విడుదలైతే చాలు, స్పీకరు గచ్చు మీద పెట్టి దుమ్ము లేపేస్తాడు. పెద్దాయన పైకెళ్ళి, "అది పాటా? రేకుల షెడ్డు మీద రాళ్ళవానా?" అన్నాడు. కుర్రాడు ఊరుకుంటాడా? "విమానం పోతే మురిసిపోతారు, నా పాట దగ్గరకొచ్చేసరికి గొడవా అంకుల్?" అన్నాడు. మాటా మాటా పెరిగింది. వ్యవహారం పోలీసు కంప్లయింటు దాకా వచ్చింది. ఆ సమయానికి చుట్టపుచూపుగా వెళ్ళిన నన్ను మధ్యవర్తిని చేశారు. మద్దెలకి రెండువైపులా దెబ్బలన్నట్టయింది నా పని!

నా సెల్‌ఫోన్లో మోత కొలిచే యాప్ ఒకటుంది. పెద్దాయన వరండాలో నిలబడి కొలిచాను. విమానం వెళ్ళినప్పుడు అంకె పాటకంటే పైకే ఎగిరింది. కుర్రాడు గెలిచినట్టే ఈల వేశాడు.

ఆగు తమ్ముడూ, ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదు!

మోతను కొలిచే డెసిబెల్ లెక్క బియ్యం తూచే లెక్కలాంటిది కాదు. 10 డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి 10 రెట్లవుతుంది. కానీ మన చెవికి దాదాపు రెండు రెట్లయినట్టే వినిపిస్తుంది. అంటే 60 నుంచి 80కి వెళ్తే శక్తి 100 రెట్లు, చెవికి తోచేది నాలుగు రెట్లు! అదీగాక, చెవి అన్ని స్వరాలనీ సమానంగా ఆదరించదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. సెకనుకి 2000 నుంచి 5000 కంపనాలుండే శబ్దం కాస్తంతున్నా చెవి పట్టేస్తుంది. లోతైన డప్పు శబ్దం అంతే గట్టిగా తోచాలంటే చాలా శక్తి కావాలి. అందుకే మామూలు మీటర్లు కూడా చెవిలాగే ఆ లోతు శబ్దాన్ని తగ్గించి లెక్కవేస్తాయి.

మెలిక ఇక్కడే ఉంది. గోడలూ శ్లాబులూ సన్నటి స్వరాలను బాగా ఆపుతాయి గానీ లోతు శబ్దాన్ని అంతగా ఆపలేవు. కుర్రాడి గదిలో గాయకుడి గొంతుంది, వయొలిన్లున్నాయి, పల్లవి ఉంది. కిందికి దిగేది మాత్రం 'దుమ్ దుమ్' ఒక్కటే! కుర్రాడు వింటున్నది పాట. పెద్దాయన వింటున్నది పాట కాదు, దాని పాదాల చప్పుడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

ఇక మనసు సంగతి. నల్లబల్ల మీద గోరు గీస్తే ఒళ్ళు జలదరిస్తుంది కదా? రాయిటర్, ఓలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో అలాంటి శబ్దాలే కొందరికి వినిపించారు. సగంమందికి ఉన్నదున్నట్టు చెప్పారు. మిగతా సగంమందికి "ఇది ఆధునిక సంగీతం" అని చెప్పారు. సంగీతం అనుకున్నవాళ్ళకి అది అంత చెడ్డగా అనిపించలేదట! చప్పుడు మారలేదు, పేరు మారిందంతే. మొదటిరోజు మొదటి ఆటలో హీరో ఎంట్రీకి మనం వేసే ఈల హాల్లో పండగ. అదే ఈల అర్ధరాత్రి మన కిటికీ కింద ఎవడో వేస్తే వాడు రౌడీ!

ఇంకొక ముచ్చట. గ్లాస్, సింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పుడు మోగుతుందో తెలియని పెద్దమోత కొందరికి వినిపించారు. కొందరికి ఒక మీట ఇచ్చి, "భరించలేకపోతే నొక్కండి, ఆగిపోతుంది. నొక్కకుండా ఉంటే మంచిది" అన్నారు. వాళ్ళు నొక్కలేదు. అయినా తర్వాత ఇచ్చిన పనిలో మీట లేనివాళ్ళకంటే తక్కువ తప్పులు చేశారు. ఈ ప్రయోగాల పుస్తకం 1972లో వచ్చింది. ఆపే వీలు మన చేతిలో ఉందనుకుంటే, అంత మోతా మనల్ని అంతగా కుంగదియ్యదన్నమాట.

"అయితే అంతా మనసులోనే ఉంది, సౌండు పెంచేద్దాం" అంటారేమో, తొందరపడకండి! ఇష్టాయిష్టాలు మనసువి. దెబ్బ మాత్రం చెవిది. 85 డెసిబెళ్ళ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు అంటారు నిపుణులు. ప్రతి 3 డెసిబెళ్ళకీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే! లోపలి చెవిలో సున్నితమైన కణాలు చచ్చిపోతే మళ్ళీ మొలవవు. చెవికి అభిమాన హీరోలుండరు మిత్రులారా! ఇక చట్టం సంగతంటారా... 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్ళే హద్దు.

సరే, నా తీర్పు చెప్పాలిగా! ముందు కుర్రాణ్ణి పెద్దాయన ఇంట్లో కూర్చోబెట్టి, పైన వాడి పాటే పెట్టించాను. రెండు నిమిషాలు విన్నాడు. "అన్నా, ఇది నా పాటేనా?" అని మొహం చిన్నది చేసుకున్నాడు. స్పీకరు గచ్చు మీంచి దిగి మెత్తటి దిండెక్కింది. సౌండు సగానికి దిగింది. కొత్త పాట పెట్టేముందు కిందికొచ్చి చెప్పాలి. పెద్దాయన వరండాలోంచి చెయ్యి ఊపితే వెంటనే ఆపాలి. ఇదీ ఒప్పందం.

పోయిన వారం పిన్ని ఫోన్ చేసింది. ఈమధ్య పెద్దాయన ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదట. పైగా కుర్రాణ్ణి పిలిచి, "ఆ పాటలో హీరో ఎవరు బాబూ?" అని అడిగాడట!

మీరూ ఓ పని చెయ్యండి. ఈసారి మీ అభిమాన పాట మోగుతున్నప్పుడు ఒక్క నిమిషం గోడ అవతలికెళ్ళి వినండి. అప్పుడు చెప్పండి... అది పాటేనా?