కడుపు పండాలంటే పొలం అమ్మాలెనా?

పిల్లలు లేని జంట అంటే ఊరందరికి లోకువ. పెండ్లయి రెండేండ్లు దాటంగనే ‘ఏమన్న విశేషమా’ అని అడుగుడు మొదలైతది. మూడో ఏడు వచ్చేసరికి కోడలు గొడ్రాలైతది. సీమంతానికి పిలువరు, పెండ్లిల ముందట నిలవడనియ్యరు. ఈ అవమానమే పెట్టుబడిగ ఇయ్యాల మన పట్నాలల్ల ఒక దందా నడుస్తున్నది. సంతాన సాఫల్య కేంద్రం అని దానికి ముద్దుపేరు. బస్సు వెనుక బోర్డు, టీవీల ప్రకటన, నవ్వే పసిపాప బొమ్మ. ఆ బొమ్మ కింద ఫోన్ నంబరు ఉంటది, సక్సెస్ శాతం ఉంటది. అన్ని కలిపి ఎంత ఖర్చయితదో మాత్రం ఉండది. ఎందుకుండది?

ముందుగాల ఒక విడత ఐవీఎఫ్ అంటే ఏందో తెలుసుకుందాం. అండాలు ఎక్కువ పెరుగాలని పది పన్నెండు రోజులు హార్మోన్ సూదులిస్తరు. నడుమ స్కానింగులు, రక్తపరీక్షలు. మత్తిచ్చి అండాలు తీస్తరు. ల్యాబుల వీర్యకణాలతోటి కలిపి పిండం తయారు చేస్తరు. మూడు నుంచి ఐదు రోజులకు దాన్ని గర్భసంచిలకు పంపుతరు. రెండు వారాలకు పరీక్ష. నిలిస్తే నిలిచినట్టు, లేకుంటే మళ్ల మొదటికే.

బిల్లు కూడ ఇట్లనే విడతలు విడతలుగ పెరుగుతది. మొదలు ప్యాకేజీ అని ఒక అంకె చెప్తరు. సూదులు అందులకు రావు. మత్తు డాక్టరు వేరు. మిగిలిన పిండాలు గడ్డకట్టించి దాచుడు వేరు, ఏటేటా దాచినందుకు కిరాయి వేరు. ఇక్సీ అంటరు, పిండానికి జన్యుపరీక్ష అంటరు. వీర్యకణాలల్ల లోపం ఉన్నోళ్లకు ఇక్సీ అవసరమే. లోపం లేనోళ్లకు దాంతోటి ఫలితం పెరుగుతదని రుజువు లేదు. బ్రిటన్‌ల ఈ రంగాన్ని నియంత్రించే సంస్థ ఇసొంటి అదనపు చికిత్సలల్ల దేనికి రుజువున్నదో, దేనికి లేదో రంగుల గుర్తులు పెట్టి జనానికి చెప్తది. మన దగ్గర చెప్పేదెవరు? అమ్మేటాయనే చెప్తడు, కొనేటోళ్లే నమ్మాలె.

లెక్క చూద్దాం. ఐసీఎంఆర్ పరిశోధకుల లెక్క ప్రకారం ఒక్క విడత ఐవీఎఫ్‌కు జనం జేబుల నుంచి ప్రభుత్వ ఆస్పత్రిల సుమారు 1.1 లక్షలు, ప్రైవేటుల సుమారు 2.3 లక్షలు పోతున్నయి. 2025-26ల మన రాష్ట్రంల ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 2.3 లక్షలంటే 750 రోజుల కూలి. ఏడాదికి వంద రోజుల పని చొప్పున ఏడున్నరేండ్లు తినకుండ, కట్టకుండ దాచిపెడితే ఒక్క విడతకు సరిపోతది. ఆ ఒక్క విడతకే బిడ్డ పుడుతదని నమ్మకం లేదు. 35 ఏండ్లలోపు ఆడవాళ్లకు కూడ ఒక్క విడతల ఆ అవకాశం సగం ఉండది. 40 దాటితే మరీ తక్కువ. రెండో విడతకు బంగారం పోతది, మూడో విడతకు ఎకరం పోతది.

చట్టం లేదా అంటే ఉన్నది. 2021ల పార్లమెంటు ఏఆర్‌టీ చట్టం చేసింది, 2022 జనవరి 25 నుంచి అమలుల ఉన్నది. జంటకు ఆ క్లినిక్‌ల ఫలితం వచ్చే అవకాశమెంత, ఖర్చెంత, ప్రమాదాలేంది అని ముందే చెప్పుడు క్లినిక్ బాధ్యత అని 21వ సెక్షన్ చెప్తున్నది. ఫిర్యాదుల విభాగం కూడ ఉండాలన్నది. కాని ఎంత తీసుకోవాల్నో చట్టం ఎక్కడ చెప్పలేదు. ధర మీద చెయ్యి వెయ్యకుండ చట్టం చేస్తే ఎవరికి లాభం?

ధర కట్టుడు సర్కారుకు చేతకాదా? తన ఉద్యోగుల కోసం కట్టింది గదా! కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద ఒక్క విడతకు 65 వేల వరకు, మూడు విడతల దాకా ఇస్తమని 2011లనే ఉత్తర్వు వచ్చింది. కేంద్ర ఉద్యోగికి వర్తించిన న్యాయం కైకిలి చేసే ఆమెకు ఎందుకు వర్తించదు? ఆయుష్మాన్ భారత్ ఈ చికిత్సను పక్కకు పెట్టింది. ఆరోగ్యశ్రీల దీనికి జాగ లేదు. చాలా ప్రైవేటు బీమా పాలసీలల్ల సంతానలేమి మినహాయింపుల జాబితాల ఉంటది. పేదోనికి ఉన్న దారులన్ని మూసి, వడ్డీ వ్యాపారి తలుపొక్కటే తెరిచిపెట్టినరు.

ఇది పెద్దోళ్ల సోకు అనేటోళ్లున్నరు. సంతానలేమి ఒక జబ్బు అని ప్రపంచ ఆరోగ్య సంస్థనే చెప్తున్నది. ప్రతి ఆరుగురిల ఒకరికి బతుకుల ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురైతదని 2023ల లెక్క చెప్పింది. దత్తత తీసుకోవచ్చు గదా అంటరు. దత్తత మంచి పనే. కాని ఉన్నోనికి అది ఇష్టం, లేనోనికి అదే గతి అనుడు ఏం న్యాయం? దక్షిణాదిల జనాభా తగ్గుతున్నది, ఎక్కువ మందిని కనుండ్రి అని 2024ల కొందరు ముఖ్యమంత్రులు పిలుపునిచ్చిండ్రు. కనాలని తండ్లాడుతున్నోళ్లకు ఏం చేస్తరో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకో ముచ్చట. సంతానలేమి కేసులల్ల దాదాపు సగం వాటిల మగవాళ్ల లోపం కూడ ఉంటది. వీర్యపరీక్షకు వందలల్లనే ఖర్చు. అయినా భర్త పరీక్షకు పోడు. భార్యను ఊరూరా తిప్పి, సూదులు పొడిపించినంక ఆఖరుకు ఆయన పోతడు. మీసం మీది పట్టుదలకు కూడ ఇంట్ల పైసలే కరుగుతున్నయి.

భయం, సిగ్గు, గుట్టు కలిసినకాడ మోసం పుడుతది. 2025 జూలైల సికింద్రాబాద్‌ల బయటపడ్డ కేసే సాక్ష్యం. సరోగసీ పేరు మీద ఒక జంట నుంచి 30 లక్షలకు పైగ తీసుకుని, పేదల దగ్గర కొన్న బిడ్డను మీ బిడ్డే అని చేతుల పెట్టినరని పోలీసులు చెప్పినరు. డీఎన్‌ఏ పరీక్షతోటి గుట్టు తేలింది. ఇక్కడ కొన్నోళ్లూ మోసపోయినరు, కన్నోళ్లూ పేదరికానికి బలైనరు.

సర్కారు దవాఖానల ఇది అయ్యే పనేనా అని అనుమానపడొద్దు. 1986 ఆగస్టు 6న డాక్టర్ ఇందిరా హిందుజా బృందం ఐవీఎఫ్ బిడ్డను లోకానికి చూపించింది ముంబై మున్సిపల్ ఆస్పత్రి కేఈఎంల. ఐసీఎంఆర్ సంస్థ తోడున్నది. అంటే జనం సొమ్ముతోటి పెరిగిన విద్య ఇది. ఇయ్యాల జనానికే అందకుండ పోయింది.

2023 అక్టోబర్‌ల గాంధీ ఆస్పత్రిల ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం తెరిచినరు. మంచి పనే. కాని రిబ్బన్ కత్తిరిస్తే పిండం పెరుగది. ఎంబ్రియాలజిస్టు ఉండాలె, సూదులు స్టోరుల ఉండాలె, ల్యాబు ఒక్క రోజు కూడ ఆగొద్దు. ఆసిఫాబాద్ నుంచి, గద్వాల నుంచి వచ్చే జంట పది పన్నెండు రోజులు పట్నంల ఎక్కడుండాలె? కూలి ఎవరిస్తరు? అన్ని హైదరాబాద్‌లనే ఉంటే జిల్లాలకు ఏం మిగిలింది?

మన డిమాండ్లు నాలుగే. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, ఖమ్మం, నల్లగొండల పెద్ద దవాఖానలల్ల ఐవీఎఫ్ కేంద్రాలు పెట్టాలె. భార్యాభర్తలిద్దరికి మొదటి పరీక్షలు ఏరియా ఆస్పత్రిలనే ఉచితంగ చెయ్యాలె. ఐవీఎఫ్‌ను ఆరోగ్యశ్రీల చేర్చి, మందులతోటి సహా ధర కట్టాలె. ప్రతి ప్రైవేటు కేంద్రం తెలుగుల రేట్ల పట్టిక పెట్టాలె. ఏ వయసోళ్లకు ఎన్ని విడతలు చేసింది, ఎంతమంది బిడ్డలు పుట్టిండ్రో ఏటా బయటపెట్టాలె.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగులారా! సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలే. గాంధీల ఇప్పటిదాక ఎన్ని విడతలు చేసిండ్రు, ఎందరు పిల్లలు పుట్టిండ్రు, ఎంతమంది వరుసల ఉన్నరు, సూదులకు జంట దగ్గర ఎంత తీసుకుంటున్నరు – ఈ నాలుగు ప్రశ్నలు ప్రతి జిల్లా నుంచి పోవాలె. జవాబు వచ్చినా, రాకున్నా మన సంఘాల డిమాండ్ల పత్రంల ఈ ముచ్చట ఎక్కాలె. ఈ బాధ పడేటోళ్లు సిగ్గుతోటి రోడ్డు మీదికి రాలేరు. వాళ్ల తరఫున మనమే అడుగాలె.