పిల్లల ఒంటి మాట విందాం

పసుపు చేనులో నేల కింద దుంప కుళ్ళుతున్నదా లేదా అన్నది తెలుసుకోవడానికి రైతు చేనంతా తవ్వి చూడడు. ఆకు అంచులు ఎండుతున్నా, కాండం మొదలు మెత్తబడినా గుర్తు పట్టేస్తాడు. ఏర్గట్ల, మోర్తాడ్, ఆర్మూర్ ప్రాంతాల రైతుకు ఈ విద్య ఒకరు నేర్పనక్కరలేదు. కాని అదే ఇంట్లో పిల్లవాడు సోమవారం పొద్దున బడి వేళకు "అమ్మా, కడుపు నొస్తున్నది" అంటే అది సాకు అనుకుంటాం. రెండు దెబ్బలు వేసి పంపుతాం, లేదా దిష్టి తీస్తాం, లేదా సూది వేయిస్తాం. ఆ నొప్పి ఏ భయానికి ఆకో ఆలోచించేవారు అరుదు.

ఆ నొప్పి అబద్ధం కాదు. భయం కలిగినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, నెత్తురు కండరాలకు ఎక్కువగా చేరుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కడుపులో దేవినట్లు ఉంటుంది, అరచేతులు చల్లబడి చెమటలు పడతాయి. ఆపద ఎదురైతే పోరాడడానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధపడుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కేనన్ 1915లోనే వివరించాడు. పులి ఎదురైనా, లెక్కల పరీక్ష ఎదురైనా పిల్లవాని ఒంట్లో జరిగేది దాదాపు ఇదే.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. నాట్యశాస్త్రంలో భరతముని ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. మాన్పడిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు బొంగురుపోవడం, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం - ఇవన్నీ మనసులోని భావం ఒంటి మీద కనిపించే తీరులే. ఇక మన తెలుగు చూడండి. ఒళ్ళు మండింది, గుండె జారింది, గొంతు పూడుకుపోయింది, కాళ్ళు చల్లబడ్డాయి అంటాం. కోపం, దిగులు, దుఃఖం, భయం అన్న పేర్ల కంటే ముందు ఒంటి సంగతే చెబుతాం. మాటల్లో ఉన్న ఈ తెలివిని మనం పిల్లల పెంపకంలో వాడడం లేదు.

ఏడుస్తున్న పిల్లవాణ్ణి "ఎందుకు ఏడుస్తున్నవ్?" అని గద్దిస్తే జవాబు రాదు. ఎందుకో అతనికే తెలియదు. "ఎక్కడ ఎట్లున్నది బిడ్డా? కడుపులోనా, గుండెలోనా, గొంతులోనా?" అని అడిగితే చెప్పగలడు. చెయ్యి పెట్టి చూపగలడు. పిడికిలి బిగుస్తున్నదని, చెవులు వేడెక్కుతున్నాయని ముందుగా గమనించిన పిల్లవాడు తమ్ముణ్ణి కొట్టక ముందే ఆగగలడు. గమనించని పిల్లవాడు కొట్టిన తరువాత గాని కోపం వచ్చిందని తెలుసుకోడు.

గుర్తు పట్టిన తరువాత చేయవలసిన పనులు ఖర్చు లేనివి. మెల్లగా ఊపిరి పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలాలి. అలా పది సార్లు చేస్తే గుండె వేగం తగ్గుతుంది. చల్లని నీళ్ళు తాగవచ్చు. రెండు చేతులతో గోడను గట్టిగా నెట్టవచ్చు. వాకిట్లో నాలుగు చుట్లు తిరగవచ్చు. నీతి చెప్పడం మాత్రం ఆ తరువాతే. ఒళ్ళు ఉడుకుతున్నప్పుడు బుద్ధి మాట చెవికెక్కదు. ఇది పెద్దలకూ వర్తిస్తుంది. "నాకు కోపం వస్తున్నది, పండ్లు బిగుస్తున్నయి, కొంచెంసేపు బయట తిరిగొస్త" అని తండ్రి అన్న ఇంట్లో పిల్లలకు వేరే పాఠం అక్కరలేదు.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? బడితె పట్టుకుంటే బుద్ధి అదే వచ్చేది" అనేవారు ఉన్నారు. దెబ్బకు పిల్లవాడు నోరు మూస్తాడు గాని భయం పోదు, లోపలికి పోతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

మన ప్రాంతంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం జరిగే నెలలలోనే పదవ తరగతి, ఇంటర్ పరీక్షల ఒత్తిడి పెరుగుతుంది. తల్లి కల్లం దగ్గర ఉంటుంది. ఎన్నో ఇళ్ళలో తండ్రి గల్ఫ్ దేశాలలో ఉంటాడు. ఫోనులో "మంచిగ చదువుతున్నవా?" అన్న ప్రశ్నతో మాట ముగుస్తుంది. "రాత్రి నిద్ర పడుతున్నదా? బువ్వ తింటున్నవా?" అని కూడా అడగాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మనసులోని బరువును చెప్పుకోవడం చిన్ననాటి నుండే అలవాటైతే, చెప్పుకునేందుకు ఒక మనిషి ఉంటే, అటువంటి దారి నుండి కొందరినైనా మళ్ళించవచ్చు.

బడులు చేయవలసినదీ ఉంది. మూత్రానికి పోతానని లేచిన పిల్లను "గంట కొట్టేదాకా కూర్చో" అనడం మానాలి. మరుగుదొడ్డి బాగుండదని ఆడపిల్లలు పగలంతా నీళ్ళు తాగకుండా ఉండే స్థితి పోవాలి. ఆకలి, దప్పిక, మూత్రం వంటి మొదటి సంకేతాలనే అణచుకోమంటే భయాన్ని, దుఃఖాన్ని ఎలా గుర్తిస్తారు? బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య దూతలుగా తీర్చిదిద్దాలని, వారు బోధించే అంశాలలో మానసిక ఆరోగ్యం ఉండాలని కేంద్ర ప్రభుత్వ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం నిర్దేశించింది. మన గ్రామాల బడులలో ఇది ఎంతవరకు అమలు అవుతున్నదో తల్లిదండ్రుల సమావేశాలలో అడగాలి.

రెండు జాగ్రత్తలు అవసరం. ప్రతి నొప్పీ మనసుదే అనుకోరాదు. జ్వరం, ఆగని వాంతులు, నిద్రలో లేపే నొప్పి, బరువు తగ్గడం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. రెండవది, ఫలానా మనిషి ఇంటికి పోనని, ఫలానా వారి దగ్గర ఉండనని బిడ్డ బిగుసుకుపోతే బలవంతం చేయరాదు. ఆ ఒళ్ళు ఏదో చెబుతున్నది, నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. అన్యాయం జరిగిందని అనుమానం వస్తే 1098కి ఫోను చేయాలి. మనసు బాగాలేని పెద్దలు, పిల్లలు ఎవరైనా 14416కు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. టెలి మానస్ అనే ఈ సేవ 2022 అక్టోబరులో మొదలైంది.

ఆకు వాడితే నీళ్ళు చాలలేదా, తెగులు తగిలిందా అని చూస్తాం గాని మొక్కను కొట్టం. ఆ ఓర్పు కన్నబిడ్డ పట్ల కూడా చూపాలి. ఈ రోజు రాత్రి బువ్వ దగ్గర మార్కుల మాట పక్కనబెట్టి, పిల్లలను ఒళ్ళు ఎట్లున్నదని అడిగి, చెప్పింది పూర్తిగా వినాలని తల్లిదండ్రులకు మనవి.