ముప్ఫై ఎనిమిదేళ్ళకు అమెరికా చదువా?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక సోదరి వ్రాసినది ముందుగా తీసుకుంటున్నాను. పేరు వేయవద్దన్నారు గనుక వేయడంలేదు.

"నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పందొమ్మిదో యేట పెళ్ళయింది. ఆ తరువాత మావారి ప్రోత్సాహంతో జనరల్ నర్సింగు పాసయి ఏడేళ్ళు ఉద్యోగం చేశాను. బాబు పుట్టడమూ, అత్తగారికి పక్షవాతం రావడమూ ఒకేసారి జరిగి నాలుగేళ్ళు ఇంటిపట్టున ఉండిపోయాను. మళ్ళీ ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళుగా డయాలిసిస్ కేంద్రంలో పనిచేస్తూ, దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాను. మా ఊళ్ళలో ఇంతమందికి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకునే చదువు చదవాలని నా కోరిక. అమెరికాలో ప్రజారోగ్యశాస్త్రం అందుకు తగినదని మా డాక్టరుగారు అన్నారు. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వారిని అడిగితే, ఆ నాలుగేళ్ళ ఖాళీ కనిపిస్తే సీటు రాదనీ, నలభై వేలిస్తే ఆ యేళ్ళకు అనుభవపత్రం పుట్టిస్తామనీ అన్నారు. మావారు జీడితోట అమ్మడానికి సిద్ధం. మా ఆడపడుచు మాత్రం, 'కూతురు ఎనిమిదో తరగతికి వచ్చింది, ఇప్పుడు తల్లికి చదువేమిటి?' అని నవ్వుతున్నది. ఏం చేయను?"

మీ ఆడపడుచుగారికి జవాబు తేలిక. అమెరికా విద్యార్థి వీసాకు గరిష్ఠ వయస్సు అంటూ లేదు. అక్కడ పెద్దవాళ్ళు చదువుకోవడం వింతా కాదు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు వేలకు వేలు కాలేజీల్లో చేరారు. చదువు మధ్యలో ఆగినవారి కోసం కొలంబియా యూనివర్సిటీ 1947లో ప్రత్యేకంగా ఒక కళాశాలనే నెలకొల్పింది.

అంత దూరం ఎందుకు, మన యల్లాప్రగడ సుబ్బారావుగారినే చూడండి. భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు పై ప్రొఫెసరుకు కోపం వచ్చి, పూర్తి డిగ్రీ బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఇరవై ఏడు దాటిన వయసులో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ మామగారి సాయంతోనూ హార్వర్డు చేరారు. బోస్టనులో ఒక ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ చదువుకున్నారు. తరువాత ఆయన ఏమయ్యారో మీ ఆస్పత్రిలో ఏ డాక్టరును అడిగినా చెబుతారు.

ఇక కన్సల్టెన్సీ వారి మాట. ఆ నలభై వేలు దాచుకోండి. అబద్ధపు కాగితంతో వీసా పొందబోయినట్టు తేలితే, ఆ దేశంలో అడుగుపెట్టే అర్హత జీవితాంతం పోవచ్చు. అయినా దాచవలసిన తప్పు మీరేం చేశారు? పసిబిడ్డనూ, మంచంపట్టిన అత్తగారినీ చూసుకున్నాను అని దరఖాస్తు వ్యాసంలో రెండు వాక్యాలు వ్రాస్తే సరిపోతుంది. మిగిలిన కాగితమంతా మీ పదకొండేళ్ళ నౌకరీకి ఉంచండి. ఏ ఊరి నుంచి ఎలాంటి మనిషి డయాలిసిస్‌కు వస్తున్నాడో, ఏ వయసులో వస్తున్నాడో కళ్ళారా చూసినవారు మీరు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి ఎన్ని మార్కులు వచ్చినా ఆ మాట వ్రాయలేడు.

మీరు నిజంగా ఆలోచించవలసిన చిక్కులు వేరే ఉన్నాయి.

మొదటిది డిగ్రీ. మన మూడేళ్ళ డిగ్రీని వారి నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. దూరవిద్య విషయమూ అంతే. దరఖాస్తు రుసుము కట్టకముందే ఆయా శాఖలకు మీరే స్వయంగా ఉత్తరం వ్రాసి, మీ చదువు వివరం చెప్పి అడగండి. జవాబు ఇస్తారు. నర్సింగు, డిగ్రీ రెండింటి మార్కుల జాబితాలూ చదివిన చోటి నుంచే నేరుగా పంపమంటారు. అది నెలల పని. పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒక కాగితం మీద, తరువాతిది ఇంకోదాని మీద ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. సిఫారసు ఉత్తరం ఎప్పటి మేష్టరునో వెతికి అడగడం కంటె, మీ పని రోజూ చూస్తున్న డాక్టరుగారిని అడగడం మేలు. ఇంగ్లీషు పరీక్ష ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది గనుక తొందరపడి ముందే వ్రాయవద్దు.

రెండోది డబ్బు. మొదటి యేడాది ఖర్చుకు సొమ్ము ఉన్నట్టు చూపితే గాని యూనివర్సిటీ వారు ఐ-20 అనే పత్రం ఇవ్వరు. అది లేనిదే వీసాకు వెళ్ళలేరు. సుబ్బారావుగారిలాగా బయట ఏదో పని చేసుకుని నెగ్గుకొద్దామంటే నేడు చట్టం ఒప్పదు. చదువు సాగుతున్న రోజుల్లో యూనివర్సిటీ ఆవరణలోనే, వారానికి ఇరవై గంటలకు మించకుండా పని చేయాలి. అదీ దొరుకుతుందన్న హామీ లేదు. మీవారు వెంట వచ్చినా అక్కడ ఉద్యోగం చేయడానికి వీలులేదు. అందుచేత జీడితోట అమ్మవద్దు. ఫీజులో రాయితీ గాని అసిస్టెంట్‌షిప్పు గాని ఇచ్చే చోటు దొరికేదాకా ఆగండి. చదువు ముగిశాక తిరిగి వస్తారా అని వీసా అధికారి తప్పక చూస్తాడు. ఆ తోటా, ఆ ఇల్లూ, మీరు బాగుచేయదలచిన ఊళ్ళూ ఉంటేనే ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

మూడోది చెప్పడానికి నాకే మనసు రావడంలేదు. సుబ్బారావుగారు మూడేళ్ళలో వస్తానని భార్యతో చెప్పి వెళ్ళారు. 1948లో న్యూయార్కులో కన్నుమూసేదాకా తిరిగి రాలేదు. పుట్టిన కొడుకును ఆయన చూడనేలేదు, ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆ చదువు వెల ఇక్కడ ఆ ఇల్లాలు కట్టింది. మీరు చదవదలచిన కోర్సు సాధారణంగా రెండేళ్ళు. ఆ రెండేళ్ళలోనే మీ పాప పదో తరగతి పరీక్షలు వ్రాస్తుంది. పిల్లలు వెంట వస్తే అక్కడి బడిలో చదవవచ్చు, కాని ఖర్చు పెరుగుతుంది. రాకపోతే అత్తగారికి మందు వేసేదెవరు, పాప ఎవరి దగ్గర కూర్చుని చదువుకుంటుంది? ఇవి మీవారితో మాట్లాడి తేల్చుకోండి. పాపను కూడా కూర్చోబెట్టుకుని అడగండి. పదమూడేళ్ళ పిల్లకు చెబితే అర్థమవుతుంది, చెప్పకుండా వెళ్తేనే అర్థంకాదు.

ఆగస్టులో చేరాలంటే అంతకు ముందు యేడాది ఆగస్టులోనే పని మొదలుపెట్టాలి. కనుక తొందరేమీ లేదు. ఈ నెలలో నాలుగైదు యూనివర్సిటీలకు ఆ డిగ్రీ సంగతి అడుగుతూ వ్రాయండి. వారేమన్నారో, పాప ఏమన్నదో నాకు మళ్ళీ ఉత్తరం వ్రాయండి. ఎదురుచూస్తుంటాను.