పులి కూనల ఫొటో కాస్త ఆలస్యమైతే నష్టమేమిటి?

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఈ పట్టణంలో ఉన్నాయి. సెలవు రోజున పిల్లలతో వెళ్లడానికి ఇక్కడివారికి అందుబాటులో ఉన్న చోటు ముంగేలి రోడ్డులో, సకరీ దగ్గర ఉన్న కానన్ పెండారీ జూ. ఏ జూలోనైనా ఎక్కువమంది ఆగేది, ఎక్కువ సెల్‌ఫోన్లు పైకి లేచేది పులుల ఎన్‌క్లోజర్ ముందే. పులి ఈనిందన్న వార్త వస్తే ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది. కూనలను ఎప్పుడు చూపిస్తారన్నదే అందరి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సందర్శకుల ఉత్సాహమో, టికెట్ల రాబడో కాదు. తల్లిపులి ప్రవర్తన, కూనల ఆరోగ్యం చెప్పాలి.

పులి గర్భధారణ కాలం సుమారు మూడున్నర నెలలు. సాధారణంగా ఒక ఈతలో రెండు నుంచి నాలుగు కూనలు పుడతాయి. పుట్టినప్పుడు ఒక్కో కూన బరువు దాదాపు కిలో మాత్రమే. కళ్లు మూసుకునే ఉంటాయి, తెరుచుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అడవిలో తల్లి వాటిని దట్టమైన పొదల్లోనో, రాతి గుహల్లోనో దాచిపెడుతుంది. ఆ చోటు క్షేమం కాదనిపిస్తే ఒక్కో కూననూ నోట కరచుకుని వేరే చోటికి మారుస్తుంది. జూలో ఆ వెసులుబాటు లేదు. అలికిడి భరించలేని తల్లి కూనలను పట్టించుకోకుండా వదిలేయవచ్చు, ఒక్కోసారి చంపేయనూ వచ్చు. అందుకే ఈనిన పులిని నిశ్శబ్దంగా, చీకటిగా ఉండే గదిలో ఉంచుతారు. సంరక్షకులు కూడా అవసరమైతే తప్ప దగ్గరికి వెళ్లరు.

ఇది కేవలం జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అడవిలో విశాలమైన ప్రాంతంలో తిరిగే మాంసాహార జంతువులే బందీగా ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పడతాయని అందులో తేలింది. ఒకే దారిలో అటూ ఇటూ ఆగకుండా పచార్లు చేయడం, పుట్టిన పిల్లలు చనిపోవడం ఇలాంటి జంతువుల్లోనే ఎక్కువగా కనిపించాయి. కంచె వెంట తిరిగే పులిని చూసి 'ఎంత హుషారుగా ఉందో' అని వీడియో తీసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది హుషారు కాకపోవచ్చు.

మనుషుల నుంచి సోకే జబ్బులు మరో ప్రమాదం. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఒక ఆడపులికి కోవిడ్ సోకినట్టు నిర్ధారణ అయింది. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో ఎనిమిది సింహాలకు అదే వైరస్ సోకింది. పెద్ద జంతువుల సంగతే ఇలా ఉంటే, రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా ఏర్పడని కూనల విషయంలో మరింత దూరం పాటించడమే మంచిది.

కళ్లారా చూస్తేనే జంతువులపై ప్రేమ కలుగుతుందని, జనం రాకపోతే జూలు నడవవని కొందరంటారు. ఆ వాదనలో నిజం ఉంది. అయితే జనం చూడాలనుకున్నదాన్ని అందించడమే లక్ష్యమైతే ఏం జరుగుతుందో తెల్లపులుల చరిత్ర చెబుతుంది. 1951లో రీవా అడవుల్లో పట్టుబడిన 'మోహన్' అనే తెల్లపులిని దాని సొంత కూతురితోనే జత కలిపి తెల్లకూనలను పుట్టించారు. నిజానికి తెల్లపులి వేరే జాతి కాదు. ఒకే ఒక జన్యువులో వచ్చిన చిన్న మార్పు వల్ల ఆ రంగు వస్తుందని 2013లో శాస్త్రవేత్తలు గుర్తించారు. రంగు కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్న పులులను తరాల తరబడి జతకట్టించడం వల్ల ఆరోగ్య లోపాలూ వాటితోపాటే వచ్చాయి. ఫొటోకు అందంగా కనిపించే ప్రతిదీ జంతువుకు మేలు చేయదు.

మరి ఆసక్తిని అణచుకోవాలా? అక్కర్లేదు. ఈనిన గదిలోని సీసీ కెమెరా దృశ్యాలను జూ ప్రాంగణంలో తెరపై చూపించవచ్చు. కూనల బరువు, కళ్లు తెరిచిన రోజు, మాంసం ముట్టడం మొదలుపెట్టిన రోజు బోర్డుపై రాయవచ్చు. తొందరపడి చూసే ఒక్క చూపు కంటే ఇది పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

కూనలు బయటకు వచ్చాక సెల్‌ఫోను కూడా విజ్ఞాన పరికరం కాగలదు. మనుషుల వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు కూడా వేరువేరు. అందుకే అడవిలో పులులను లెక్కించేవారు దారికి రెండు వైపులా కెమెరాలు అమరుస్తారు. దేశంలో 2022 గణన ప్రకారం పులుల సగటు అంచనా 3,682. ఆ లెక్కకు ముఖ్య ఆధారం ఇలాంటి ఫొటోలే. బిలాస్‌పూర్‌కు దగ్గరలోని అచానక్‌మార్ పులుల అభయారణ్యంలోనూ ఇదే పద్ధతి. కానన్ పెండారీకి వెళ్లిన పిల్లలు ఒక పులిని రెండు పక్కల నుంచి ఫొటో తీసి, ఇంటికొచ్చాక చారలు పోల్చి చూస్తే చాలు, ఆ శాస్త్రం అర్థమవుతుంది.

అందుకు పాటించాల్సినవి కొన్నే. ఫ్లాష్ ఆపేయాలి. పులి కంటి వెనుక ఉండే ప్రత్యేక పొర వెలుతురును తిప్పి పంపుతుంది, కాబట్టి ఫ్లాష్ వేస్తే కళ్లు మెరిసిపోయి ఫొటో కూడా పాడవుతుంది. కంచె దాటి చేయి చాపకూడదు. నిద్రపోతున్న పులిని లేపడానికి కేకలు, ఈలలు వేయకూడదు. జూలోని జంతువులను ఆటపట్టించడం, శబ్దాలతో కలవరపెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

కూనలు తల్లి చాటు నుంచి వాటంతట అవే బయటకు వచ్చేదాకా ఆగడం వల్ల సందర్శకులకు పోయేది కొన్ని వారాలే. తొందరపడితే పోయేది కూనల ప్రాణం కావచ్చు.