సున్నం ఊరాలి, మనం ఆగాలి

సికింద్రాబాద్ స్టేషను దగ్గర కిళ్ళీ కొట్టు ముందు నిలబడి ఎప్పుడైనా చూశారా? తమలపాకు మీద రాసే సున్నం వెన్నలా జారుతుంది. వెల్లవేయడానికి అప్పటికప్పుడు కలిపిన సున్నంలో మాత్రం పలుకులు కనిపిస్తాయి. రెండూ సున్నాలే కదా, మరి ఈ తేడా ఎందుకు? మొదటిది వడకట్టి, నీటిలో ఊరనిచ్చిన సున్నం. ఈ చిన్న సంగతి మీదే మన పాత కట్టడాల ఆయుష్షు చాలావరకు ఆధారపడి ఉందని నా అభిప్రాయం.

సికింద్రాబాద్‌లోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు పొందినది 1824లో. అంటే చర్చి కట్టేనాటికి ఆ సిమెంటు పుట్టనే లేదు! 1591లో కట్టిన చార్మినారు సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ రోజుల్లో గోడలను పట్టి నిలిపినది సున్నమే. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరేవారు. దాన్నే మనవైపు డంగు సున్నం అంటారు.

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. (దీన్ని మీరు సొంతంగా చేయకండి, కళ్ళు పోయే ప్రమాదం ఉంది.) గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. తేట సున్నపునీటిలోకి గొట్టంతో ఊదితే పాలలా మారడం మీరు తరగతిలో చూసే ఉంటారు. ఇదీ ఆ చర్యే. అందుకే గోతిలో ఊరవేసిన సున్నంపై ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. గాలి తగిలితే గోడ ఎక్కకముందే గట్టిపడుతుంది.

మరి గోతిలో ఊరుతున్నప్పుడు ఏం జరుగుతుంది? మొదటిది, సరిగా నీరు పట్టని పలుకులు నిదానంగా నానిపోతాయి. తొందరపడి వాడితే అవి గోడలో చేరాక ఉబ్బి, పూతను పొక్కుల్లా లేపుతాయి. రెండవది మరీ విచిత్రం. సున్నపు స్ఫటికాలే మారిపోతాయి! కొత్త సున్నంలో పట్టకాల్లాంటి స్ఫటికాలు ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ అవి చిన్నవై, పలుచని పలకల్లా మారతాయని 1998లో రోడ్రిగెజ్ నవారో, హాన్సెన్, గిన్నెల్ అనే శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన తెలిపింది. పలకలు ఒకదానిపై ఒకటి సులువుగా జారతాయి, నీటిని బాగా పట్టి ఉంచుతాయి. కనుక ఇటుక నీటిని త్వరగా లాగేయలేదు, పూత పగలదు. సూక్ష్మదర్శిని లేని కాలంలోనే రోమనులకు ఈ అనుభవం ఉంది. మూడేళ్ళు నిండని సున్నం వాడరాదన్న పాత నిబంధన గురించి ప్లినీ దాదాపు 2,000 ఏళ్ళ క్రితమే రాశాడు.

"అంతకాలం ఎవరు ఆగుతారు? సిమెంటు పూస్తే పోలేదా?" అని మీరు అడగవచ్చు. సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుకను, పాత గచ్చును తినేస్తుంది. గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ప్రారంభమైన పనిలో, 20వ శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నమే వేయవలసి వచ్చింది. మరమ్మతుకే మరమ్మతు! తొందర వల్ల మిగిలిన లాభం ఏమిటో మీరే చెప్పండి.

ఊరితేనే సర్వం అని నేననను. మంచి ఇసుక కావాలి, మేస్త్రీ చేతివాటం కావాలి. ప్రతి పనికీ మూడేళ్ళు ఆగనక్కరలేదు. మోటు పనికి కొన్ని నెలలు ఊరినా మేలే. నగిషీ పనికి ఎంత పాతదైతే అంత మంచిది. కార్ఖానాలో ఆరబెట్టి బస్తాల్లో నింపిన సున్నప్పొడిని ఎంతకాలం నానవేసినా అదే గుణం రాదు. ఆరేటప్పుడే దాని రేణువులు గట్టిగా అతుక్కుపోయి ఉంటాయి.

నా సూచన ఒక్కటే. పాత కట్టడాలున్న ప్రతి ఊరూ సున్నపు గోతిని ముందుగానే నింపి ఉంచుకోవాలి. గోడ పగిలాక సున్నం కోసం పరుగెత్తడం ఆకలేసినప్పుడు ఆవకాయ పెట్టబోవడం వంటిది! 2019 మే నెలలో చార్మినారు మినారు నుండి సున్నపు గచ్చు ముక్క రాలిపడింది. ఇలాంటి గాయం ఏ కట్టడానికైనా, ఏ రోజైనా తగలవచ్చు. ఆనాటికి మందు సిద్ధంగా ఉండాలి కదా?

మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు అధికారులవుతారు. పాత గోడ బాగుచేసే కాగితం మీ ముందుకు వచ్చినప్పుడు ఇసుక ఎంత, ఇటుకలెన్ని అని లెక్క చూస్తారు. సున్నం ఎన్నాళ్ళు ఊరిందో కూడా అడగండి. ఆ లెక్కలో కాలం కూడా ఒక సరుకే.